నేను టెనెరాను

శాలంకాయనుల కాలమున వేంగీపురమై వెలసిన పెదవేగి ప్రాంతమున, ఏలూరికి ఉత్తరముగా, కొల్లేటి పల్లమునకు ఎడముగా నున్న ఎర్రని మెట్టనేలలో పెరుగుచున్న ఆయిల్ పామ్ వృక్షమను నేను. నా జాతికి పుట్టినిల్లు పశ్చిమాఫ్రికా. నా రకమునకు శాస్త్రజ్ఞు లిడిన పేరు టెనెరా.

నా తల్లి డ్యూరా. ఆమె పండులో టెంక దళసరి, గుజ్జు తక్కువ. నా తండ్రి పిసిఫెరా. ఆ రకమునకు టెంకయే లేదు గాని, గెలలు సాధారణముగా పక్వము గాకయే మాడిపోవును. తల్లి పూగుత్తికి సంచి తొడిగి, అన్య పరాగము సోకకుండ కాపాడి, పిసిఫెరా పుప్పొడిని చల్లి మనుష్యులు జరిపిన వివాహమునకు నేను సంతానమను. నా పండును అడ్డముగా కోసినచో, నారింజవన్నె గుజ్జు నడుమ పలుచని టెంక, దాని చుట్టును వలయముగా నల్లని నారచుక్కలు కానవచ్చును. ఆ వలయమే నా వంశముద్ర.

గుజ్జు నిండుగా నున్నదని నిశ్చింతగా నుండరాదు. గెల నేలపై బడి పండ్లు చిట్లినచో, లైపేజ్ అను ఎంజైము నూనెను విరిచి ఆమ్లములను పుట్టించును. కావుననే కోసిన గెలలను ఒక దినములోపల ఫ్యాక్టరీకి చేర్చి ఆవిరిలో ఉడికింతురు. ఆ వేడికి ఎంజైము శక్తి యుడుగును.

ఎంజైమును నిర్మించునది జన్యువు. దృష్టాంతమునకు, గంజాయి మొక్కలో ఒకే మూలద్రవ్యమును ఒక ఎంజైము మత్తునకు మూలమగు టీహెచ్‌సీ ఆమ్లముగను, వేరొకటి మత్తులేని సీబీడీ ఆమ్లముగను మార్చును. ఆ రెండు శుద్ధవంశములను కలుపగా బుట్టిన తొలితరము రెండింటిని పంచుకొనునని 2003లో డి మెయెర్ ప్రభృతి పరిశోధకులు చూపిరి. తల్లి దళసరి టెంకకును, తండ్రి టెంకలేమికిని నడుమ నాకు పలుచని టెంక గలుగుటయు అట్టిదే. టెంక తీరు ఒకే జన్యువు వశమని 1941లో బెల్జియన్ కాంగోలోని పరిశోధకులు నిరూపింపగా, ఆ జన్యువును 2013లో గుర్తించిరి.

రైతన్నలారా, నా క్రింద రాలిన గింజలు మొలకెత్తినవని మురిసి, వానిని నాటకుడు. టెనెరాతో టెనెరా కలిసినచో సంతానమున సగమే నావంటిది. తక్కిన సగములో డ్యూరా, పిసిఫెరాలు సమపాళ్ళుగా నుండును. కాపు వచ్చుదాక, అనగా మూడు నాలుగేండ్లవరకు, ఆ భేదము కంటికి తెలియదు. తెలియునాటికి నీరు, ఎరువు, శ్రమ వ్యయమైపోవును. పాతికేండ్లు మీ యింటికి అన్నము పెట్టవలసిన చెట్టు విషయమున, 1995లో పెదవేగిలో వెలసిన పరిశోధనాలయము వంటి చోట్ల వంశమెఱిగి పెంచిన విత్తనమునే అడిగి తీసికొనుడు. మంచి విత్తనమునకు పెట్టిన సొమ్మే తోటకు మీరు పెట్టు తొలి యెరువు.