ఇచ్చట పీఈ పాస్ చేయించబడును

టెక్సాస్‌లోనో న్యూజెర్సీలోనో సివిల్ ఇంజనీరుగా పనిచేస్తున్న మనవాడికి ప్రొఫెషనల్ ఇంజనీర్ లైసెన్సు మీద మనసు పడిందంటే ముందు వాట్సాప్ తెరుస్తాడు. "అన్నా, పీఈకి ఏ కోర్సు తీసుకుంటే గ్యారెంటీగా పాస్?" సిలబస్ ఏమిటని అడగడు. ఎన్ని నెలలు పడుతుందనీ అడగడు. గంటలో పదిమంది అన్నలు పది లింకులు పంపుతారు. ఎవరికి వారు తాము పాసైన కోర్సే గొప్పదని ఒట్టేసి చెబుతారు. ఒక్కో అన్న తీసుకున్నది ఒక్క కోర్సే, ఇంకోదాని మొహం కూడా చూడలేదన్న సంగతి మాత్రం ఎవరికీ తట్టదు.

వాడిని అని లాభం లేదు, పెంపకం అలాంటిది. ఇంటర్ చదివే రోజుల్లో టీవీ పెడితే చాలు, ఒకటి, ఒకటి, రెండు, రెండు, మూడు అంటూ ర్యాంకులు చెవుల్లో హోరెత్తేవి. ఎంసెట్‌కి కోచింగ్, గేట్‌కి కోచింగ్, జీఆర్‌ఈకి కోచింగ్. ఆఖరికి వీసా ఇంటర్వ్యూలో ఎలా నవ్వాలో చెప్పడానికి కూడా ఒకాయన ఫీజు పుచ్చుకున్నాడు. రసీదు చేతిలో పడితే గానీ చదువు మొదలైనట్టు అనిపించని జాతి మనది. అమెరికాలో కోర్సులమ్మేవాడు ఏనాడూ అమీర్‌పేట మొహం చూసి ఉండడు గానీ, ఆ కిటుకులన్నీ వాడికి తల్లికడుపులోనే అబ్బాయి.

వెబ్‌సైట్ తెరవగానే 'తొంభై ఎంతో శాతం పాస్' అని ఇంతెత్తున రాసి ఉంటుంది. ఎవరిలో తొంభై? కింద చీమతలంత అక్షరాలు చదవండి. అన్ని క్లాసులకూ హాజరై, అన్ని హోంవర్కులూ పంపి, ఆపైన సర్వేకి జవాబు రాసినవాళ్లలోనట. అంత బుద్ధిమంతుడు గోడకు చెప్పుకుని చదివినా పాసవుతాడు. తప్పినవాడు సర్వే ఫారం ముందు కూర్చుంటాడా? పరీక్ష పెట్టే ఎన్‌సీఈఈఎస్ వాళ్లయితే మొదటిసారి రాసినవాళ్ల శాతం వేరుగా, తప్పి మళ్లీ రాసినవాళ్ల శాతం వేరుగా బయటపెడతారు. అది చూడటానికి దమ్మిడీ ఖర్చు లేదు. అందుకేనేమో ఎవరూ చూడరు.

ఇక 'పాస్ కాకపోతే మళ్లీ ఉచితం' అన్న హామీ. అంటే ఏ వీడియోలు చూసి తప్పాడో అవే వీడియోలు ఇంకోసారి చూడనిస్తారన్నమాట. కూర మాడిందని చెబితే అదే కూర ఇంకో గరిటె వడ్డించడాన్ని మన ఇళ్లలో వేరే పేరుతో పిలుస్తారు.

పోనీ, ఇంత గుట్టుగా అమ్ముతున్న ఆ సరుకేమిటి? గుట్టే లేదు. పరీక్ష ఫీజు 400 డాలర్లు. ఎనభై ప్రశ్నలు, ఎనిమిది గంటలు. ఒకప్పుడు చక్రాల పెట్టెల్లో పుస్తకాలు లాక్కెళ్లేవారు. 2022 జనవరి నుంచి సివిల్ పరీక్ష కంప్యూటర్ మీదికి వచ్చింది, పెట్టెలు గుమ్మం బయటే ఆగిపోయాయి. సూత్రాలన్నీ ఉన్న హ్యాండ్‌బుక్ తెర మీదే ఇస్తారు. దాని పీడీఎఫ్ ఎన్‌సీఈఈఎస్ ఖాతా తెరిచిన ఎవరికైనా ఉచితం. ఏ అంశంలోంచి ఎన్ని ప్రశ్నలు రావచ్చో చెప్పే పట్టిక కూడా ఉచితమే. బీటెక్‌లో కొన్న క్యాషియో ఎఫ్‌ఎక్స్-991 సైతం అక్కడ చెల్లుతుంది. అయినా మనవాడు వెయ్యి డాలర్ల పైచిలుకు పోసి తెప్పించుకున్న లావుపాటి బైండర్‌ను అపురూపంగా షెల్ఫులో పెడతాడు. పరీక్ష హాల్లోకి దానికి ప్రవేశం లేదు.

2024 ఏప్రిల్‌లో సివిల్ పరీక్ష స్వరూపమే మారింది. అంతకుముందు అందరికీ ఉమ్మడిగా సగం, ఎంచుకున్న విభాగంలో సగం ఉండేది. ఇప్పుడు పరీక్షంతా ఎంచుకున్న విభాగం మీదే. పాత వీడియోలకు కొత్త బొమ్మ అతికించి అమ్మేవాడికి ఈ కబురు ఇంకా అందినట్టు లేదు. రోడ్ల పరీక్ష రాయబోయేవాడికి స్టీల్ బీమ్ ఎంత వంగుతుందో తీరిగ్గా వివరిస్తూ ఉంటాడు.

నిజానికి నేర్పాల్సినవి వేరే ఉన్నాయి. డిజైన్ నిబంధనల కోడ్ పుస్తకాలు పరీక్షలో తెర మీద ఒక్కో అధ్యాయంగానే తెరుచుకుంటాయి, వెతుకులాట ఆ అధ్యాయం లోపలే. ఏ సంగతి ఏ అధ్యాయంలో ఉందో తెలియనివాడు సగం సమయం తలుపులు తట్టడంలోనే పోగొట్టుకుంటాడు. మన దేశపు ఐఎస్ 456 కోడ్‌తో, కిలోన్యూటన్లతో పెరిగిన చేతికి అమెరికా కొలతలైన కిప్పులు, అడుగులు అలవాటు కావాలి. ఈ సాధన చేయించే మంచి మాస్టార్లు లేకపోలేదు. కాలేజీ వదిలి పదేళ్లయి, ఇద్దరు పిల్లలతో శనివారం గంట దొరకడమే గగనమైనవాడికి వాళ్ల టైంటేబులే పెద్ద సాయం. కాకపోతే అలాంటివాళ్లు కౌంట్‌డౌన్ గడియారం పెట్టి 'ఈ రాత్రితో డిస్కౌంట్ ఆఖరు' అనరు.

నాకు ఒళ్లు మండేది మాత్రం 'ఈ టాపిక్ వదిలేయండి, రెండు మార్కులే' అనే చిట్కా దగ్గర. 1937 మార్చి 18న టెక్సాస్‌లోని న్యూ లండన్ బడిలో గ్యాస్ లీకై పేలింది. దాదాపు మూడు వందల మంది పోయారు, ఎక్కువమంది పిల్లలే. టెక్సాస్‌లో ఇంజనీర్లకు లైసెన్సు చట్టం అదే ఏడాది, ఆ పేలుడు దెబ్బకే వచ్చింది. టెక్సాస్‌లో మనవాడు ఇప్పుడు కొట్టాలనుకుంటున్న ఇంజనీరు ముద్ర ఆ చట్టం ఇచ్చిందే. రెండు మార్కులని వదిలేసిన టాపిక్ రేపు వాడి సంతకం కింద నిలబడే గోడలో ఉండొచ్చు.

కాబట్టి తమ్ముడూ, డబ్బు కట్టే ముందు ఉచిత హ్యాండ్‌బుక్ దించుకో, ఎన్‌సీఈఈఎస్ అమ్మే నమూనా పరీక్ష ఒకటి కొని రాయి, ఎక్కడ తడబడ్డావో చూసుకో. అప్పటికీ కోర్సు కావాలనిపిస్తే డెమో క్లాసులో ఒక్కటే అడుగు: "2024 ఏప్రిల్ తర్వాత కొత్తగా తీసిన పాఠాలు ఏవి?" జవాబు దాటవేసి కూపన్ కోడ్ పంపాడంటే కార్డు జేబులోంచి తీయకు.