జవాబైతే వచ్చింది

పీహెచ్‌పీతో ఏపీఐ నుంచి డేటా తేవడం ఒక్క లైను పని అంటారు. నిజమే. ఫైల్_గెట్_కంటెంట్స్‌కి ఫైలు పేరుకు బదులు వెబ్ చిరునామా ఇచ్చినా కాదనదు. నన్నడిగితే అసలు పని తేవడం కాదు, తెచ్చినదాన్ని అనుమానించడం. ఎందుకంటే ఈ భాషకు మొహమాటం జాస్తి, పని చెడినా గట్టిగా చెప్పదు. కర్ల్‌నే చూడండి. అవతలి సర్వర్ 404 అన్నా, 500 అన్నా దాని లెక్కలో పని జరిగినట్టే, ఏదో ఒకటి వచ్చింది కదా! రిటర్న్‌ట్రాన్స్‌ఫర్ ఆప్షన్ పెట్టడం మరిచామా, వచ్చినదంతా తెరమీద కుమ్మరించి, మన చేతిలో ఒక ‘ట్రూ’ పెట్టి తప్పుకుంటుంది. టైమౌట్ చెప్పకపోతే, కనెక్షన్ కుదిరాక జవాబు కోసం ఎంతసేపైనా కాచుకుంటుంది. స్క్రిప్టుకు 30 సెకన్ల గడువుందిగా అని ధైర్యపడకండి; లైనక్స్‌లో నెట్‌వర్క్ కోసం ఎదురుచూసిన సమయం ఆ లెక్కలోకి రాదు. ఇక జేసన్_డీకోడ్‌కి చెడిపోయిన జేసన్ ఇస్తే ‘నల్’ అంటుంది, శుభ్రమైన జేసన్‌లో నల్ అనే ఉన్నా అదే ‘నల్’ అంటుంది. 2006లో భాషలో చేరిన ఈ ఫంక్షన్‌కు ఎక్సెప్షన్ విసరడం 2018లో, 7.3 వెర్షన్‌తో గానీ రాలేదు. అదీ మనం ప్రత్యేకంగా అడిగితేనే.

‘గజిల్ లాంటి లైబ్రరీ ఉండగా ఇంత గోల దేనికి?’ అనొచ్చు. వాడుకోండి, మంచిదే. 404కీ 500కీ అది తనంతట తానే కేకపెడుతుంది. కానీ దాని టైమౌట్ కూడా మొదట సున్నాయే, అంటే అనంతం. పైగా కొన్ని ఏపీఐలు 200 ఓకే అంటూనే లోపల ఎర్రర్ పంపుతాయి. ‘మా వాళ్లతో మాట్లాడి కబురు చేస్తాం’ అనే పెళ్లివారి మర్యాద అది. అందులో ‘కాదు’ వినగలిగే లైబ్రరీ ఇంకా పుట్టలేదు.

పెద్ద కంపెనీల ఏపీఐలను కూడా శంకించాలా అంటే, శంకించాలి. ట్విటర్ తన ఏపీఐ మొదటి వెర్షన్‌ను 2013లో మూసేసింది. అంతవరకూ ఎవరని అడగకుండా ట్వీట్లు ఇచ్చిన చిరునామాలు 410 అనేశాయి, కొత్త వెర్షన్‌కేమో ఓఆథ్ తప్పనిసరి. ఒక్క లైనుతో సరిపెట్టుకున్న కోడ్‌లో డేటా బదులు ‘ఫాల్స్’ వస్తుంది, దాన్ని డీకోడ్ చేస్తే నల్, ఆ నల్ మీద ఫోర్‌ఈచ్. డిస్‌ప్లే_ఎర్రర్స్ ఆన్‌లో వదిలేసిన సైటైతే, ట్వీట్లు కనబడాల్సిన మూలన వార్నింగులు వరసకట్టి, సర్వర్‌లో ఫైలు ఏ ఫోల్డర్‌లో ఉందో వచ్చినవాళ్లందరికీ దారి చెబుతాయి.