తక్కువ తిరిగిన బండి

మా వంటింట్లో పాత క్యాలెండర్ ఒకటి ఇంకా వేలాడుతోంది. 2024 నవంబరు కాగితం వెనక, పాల లెక్క పక్కన, నేను వేసిన లెక్క ఉంది. చింపి పారేయమంటుంది మా ఆవిడ. నాకు చేతులు రావు.

ఎలక్ట్రిక్ బండ్లకు తెలంగాణ ప్రభుత్వం రోడ్డు టాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు తీసేసిందని పేపర్లో చదివిన రోజు వేసిన లెక్క అది. పెట్రోలు బండికి కిలోమీటరుకి 7 రూపాయలు. ఇంటి కరెంటుతో ఒకటిన్నర. మిగులు ఐదున్నర. నెలకి 1,500 కిలోమీటర్లు తిరిగితే 8,250. అదే సైజు పెట్రోలు బండి కన్నా, టాక్సు మాఫీ పోగా కూడా, చిన్న ఎలక్ట్రిక్ ఎస్‌యూవీకి నాకు పడే అదనం 4 లక్షలు. నాలుగేళ్లలో వచ్చేస్తుంది! కింద రెండు గీతలు కూడా కొట్టాను.

"చార్జింగ్ ఎక్కడ పెడతారు?" అంది మా ఆవిడ.

"సెల్లార్లో."

గేదెను తోలుకొచ్చాక గానీ దొడ్డి చూసుకోలేదు. కరెంటు మీటర్లు ఒక మూల, నా పార్కింగ్ ఇంకో మూల, మధ్యలో పదకొండు కార్లు. ఉన్న కనెక్షన్‌తోనే ఇంటి దగ్గర చార్జ్ చేసుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ 2022లోనే చెప్పింది చూడండంటూ అసోసియేషన్ సెక్రటరీ గారికి ఫోన్ చూపించాను. ఆయన ఆసాంతం చదివి, కళ్లజోడు తీసి, "చెప్పింది బాబూ. వైరు ఎవరి నెత్తి మీంచి లాగాలో చెప్పలేదు" అన్నారు. విషయం జనరల్ బాడీ మీటింగుకి వెళ్లింది. ఇంకా అక్కడే ఉంది.

ఇక బయటి చార్జరే దిక్కయింది. యూనిట్ జీఎస్టీతో కలిపి 23 రూపాయలు. ఒకటిన్నర కాస్తా మూడున్నరైంది.

ఓ ఆదివారం అక్కడ కూర్చుని ఉంటే పక్కన ఓ క్యాబ్ డ్రైవర్. రోజుకి 150 కిలోమీటర్లకు తక్కువ తిరగడట. "మూడేండ్లల్ల అదనం ఎల్లిపోతది సార్. మీరెంత తిరుగుతరు?"

"ఇరవై."

అతను టీ గ్లాసు దించాడు. "షోకుకు కొన్నరా?"

ఇంటికొచ్చి మళ్లీ లెక్క వేశాను. నెలకి 600 కిలోమీటర్లు, మిగులు 2,100. ఆ 4 లక్షలు రావడానికి దాదాపు 16 ఏళ్లు. బ్యాటరీకి ఇచ్చిన వారంటీ 8 ఏళ్లు.

బండిని ఏమీ అనను. అమీర్‌పేట ట్రాఫిక్‌లో చప్పుడు లేదు, క్లచ్ తొక్కే పని లేక ఎడమ మోకాలు పెన్షన్ పుచ్చుకున్నట్టుంది. బండి తన మాట నిలబెట్టుకుంది. ఆ 1,500 అన్నదే, ఎక్కణ్ణుంచి పట్టుకొచ్చానో నాకే తెలీదు.

నిజం అంకె తొమ్మిదేళ్లు నా కళ్ల ముందే ఉంది, పాత కారు మీటరు మీద. మొత్తం 63 వేల కిలోమీటర్లు. నెలకి ఆరొందలు కూడా పడదు. చూడలేదనడానికీ లేదు. కొనడానికొచ్చిన కుర్రాడికి అదే మీటరు వేలితో చూపించి, "అసలు తిరగనే లేదయ్యా" అని పదివేలు ఎక్కువ రాబట్టింది నేనే.