గవాక్షస్రావ ప్రకరణం: టీకా తాత్పర్య సహితం

మూలం

తే.గీ.
పాతపడవకు కిటికీలు పట్టువిడిచి
దిండు తడిపెను నడిరేయి తెలియకుండ
పైనఁ బూసిన జిగురుకు ఫలము లేదు
ఊడఁదీయుము చట్రమ్ము నోర్పుతోడ

ప్రతిపదార్థం: పాతపడవకు = 1970, 80లలో అమెరికాలో ఫైబర్‌గ్లాస్‌తో అచ్చుపోసిన తెరచాప పడవకు; కిటికీలు = కేబిన్ గోడకు బిగించిన, మరలు వదులు చేస్తే తెరుచుకునే పోర్ట్‌లైట్లు; పట్టువిడిచి = రబ్బరు చదునై, సీలెంటు ఎండిపోయి; నడిరేయి = వాన పట్టిన వేళ; తెలియకుండ = దీనికి వ్యాఖ్య ముందుంది; దిండు = అతిథి దిండు (యజమానిదే అయితే పక్కకు జరిగి పడుకునేవాడు, పద్యం పుట్టేది కాదు); తడిపెను = స్పష్టం; పైనఁ బూసిన జిగురుకు = బయటి అంచున ట్యూబుతో పిండిన సీలెంటుకు; ఫలము లేదు = మళ్లీ కారును; చట్రమ్మున్ = కిటికీ ఫ్రేమును; ఓర్పుతోడ ఊడఁదీయుము = విరగకుండా విప్పుము.

తాత్పర్యం: కారే కిటికీని విప్పి బిగించాలే తప్ప పూతలు పూయరాదు.

అనవసరమైనది చెప్పనని నియమం పెట్టుకున్న మల్లినాథ సూరి ఇక్కడితో ఆగేవాడు. మనకా నియమం లేదు.

విశేషాలు: 'పాతపడవ' అన్నది నింద కాదు. ఫైబర్‌గ్లాస్ కుళ్లదు, తుప్పు పట్టదు. కిటికీ రబ్బరుకు ఆ ఆయుష్షు లేదు. అందుకే ఒక్క పడవ జీవితకాలంలో రెండు మూడు తరాల గ్యాస్కెట్లు గతిస్తాయి.

'పట్టువిడిచి' అన్నచోట శ్లేష. తలుపుకూ చట్రానికీ మధ్య పట్టు ఒకటి, చట్రానికీ పడవ గోడకూ మధ్య పట్టు మరొకటి. మొదటిది రబ్బరు పని, రెండోది సీలెంటు పని. ఏది విడిచిందో తేల్చకుండా పనిలోకి దిగేవాడు మూలం చదవనివాడు. చట్రపు అంచుకు సుద్ద రాసి, తలుపు మూసి తీస్తే రబ్బరు మీద తెల్లగీత పడుతుంది. గీత తెగినచోట మొదటి పట్టు పోయినట్టు. గీత నిండుగా ఉన్నా కారుతుంటే గొట్టంతో నీళ్లు కొట్టి చూడాలి. అదీ కింది అంచు నుంచి మొదలుపెట్టి పైకి వెళ్లాలి. పైనుంచి మొదలుపెడితే జారే నీళ్లు అన్ని అతుకుల మీదా పడి దొంగ ఎవరో తేలదు.

'తెలియకుండ' నిద్రపోతున్నవాడికి అన్వయిస్తుందని ఒక మతం. నాకది రుచించదు. చట్రం పక్కన దూరిన నీరు లోపలి పలకల వెనకగా జారి మూరెడు దూరాన బొట్టుగా తేలుతుంది. తెలియనిది చోటు.

పూర్వపక్షం: మరలు ఇంకా గట్టిగా బిగిస్తే ఆగదా? సమాధానం: ఆగదు. అణిగిపోయిన రబ్బరు తిరిగి లేవదు. బిగించేకొద్దీ మరల దగ్గర నొక్కుకుని మధ్యలో తలుపు వంగి పైకి లేస్తుంది. ప్లాస్టిక్ కిటికీ అయితే మర పట్టే చెవి ఊడి చేతికొస్తుంది.

మూడో పాదం ఈ పద్యానికి ప్రాణం. బయట పూసిన జిగురు నీటిని ఆపదు, లోపలున్న నీటిని బయటికి పోనివ్వదు. జిగుళ్లలో జాతిభేదాలున్నాయి. పాలీసల్ఫైడ్ కంచు చట్రానికి మేలు, అక్రిలిక్‌కూ పాలీకార్బనేట్‌కూ విషం. పాలీయురెథేన్‌లో గట్టి రకాలు శాశ్వత బంధాలు. మళ్లీ విప్పాలంటే చట్రమైనా విరగాలి, పడవ పైపూతైనా లేవాలి. సిలికాన్ ప్లాస్టిక్‌కు పథ్యమే. కాని అది ఒకసారి అంటినచోట మరే జిగురూ నిలవదు. నా ఓటు బ్యూటైల్ టేపుకు. అది గట్టిపడదు. చట్రం చుట్టూ పరిచి, ఒక్కసారిగా కాక కొద్దిరోజులపాటు కాస్త కాస్త బిగిస్తూ పోతే అదనపుది అంచుల్లోంచి తనంత తాను బయటికొస్తుంది. శుభ్రం చేసే ఉత్సాహంలో అక్రిలిక్ అద్దానికి అసిటోన్ తగిలిస్తే వెంట్రుకల్లాంటి పగుళ్లు లేస్తాయి.

వ్యాకరణవేత్తలకో మాట. 'లేదు' తర్వాత 'ఊడ' వచ్చింది. ఉకారానికి అచ్చు పరమైతే సంధి నిత్యం, కవి చేయలేదు. దోషమన్నారు కొందరు. పాదాల మధ్య అతుకు విడిచిన ఈ చోటే పద్యం కారుతోందని నా సిద్ధాంతం.

'ఊడఁదీయుము' అన్నాక కవి మౌనం వహించాడు, అసలు కథ అక్కడుంది. కేబిన్ గోడ చాలా పడవల్లో ఒకే పలక కాదు. రెండు ఫైబర్‌గ్లాస్ పొరల మధ్య బాల్సా చెక్కో ప్లైవుడ్డో ఉంటుంది. చట్రం తీయగానే రంధ్రపు అంచున ఆ చెక్క కనిపిస్తుంది. నల్లగా, మెత్తగా ఉంటే ఏళ్లుగా నీరు తాగిందన్నమాట. కుళ్లింది గోకి తీసి, మిగిలింది పూర్తిగా ఆరనిచ్చి, ఆ ఖాళీని చిక్కటి ఎపాక్సీతో నింపి చదును చేయాలి. ఇకపై చట్రం కారినా చెక్క తడవదు. ఇది చేయకుండా కొత్త కిటికీ కొంటే పాత కుళ్లు కొత్త చట్రం వెనక కాపురం పెడుతుంది.

కొత్తది కొనాలా అంటే, చట్రం వంకర పోకుండా ఉంటే రబ్బరు మార్చు, అద్దం మసకబారితే అద్దం మార్చు, చెవులు విరిగితేనే కొను. కొనేముందు రంధ్రం కొలత, మూలల వంపు, గోడ మందం మూడూ చూడు. రంధ్రం పెంచడం తేలిక, తగ్గించడం మళ్లీ ఎపాక్సీ కాండ.

పాఠాంతరం: కడపటి పాదంలో 'ఓర్పుతోడ'కు బదులు 'అప్పుతోడ' అని ఒక పాఠముంది. ఊకారానికి అకారం యతి చెల్లదు కనుక అది ప్రక్షిప్తం. కంచు కిటికీల ధర విచారించినవారు మాత్రం అదే అసలు పాఠమని వాదిస్తున్నారు.