చిన్న రంధ్రమే కదా

గనుల శాస్త్రంలో అన్వేషణ అంటే ఖనిజం ఎక్కడ, ఎంత లోతున, ఎంత నాణ్యతతో ఉన్నదో తెలుసుకొనేందుకు తవ్వకానికి ముందు జరిపే పరిశీలన అని అర్థం. అధికార పత్రాల భాషలో మాత్రం ఆ మాటకు 'అడవికి ఏమీ కాని పని' అనే రెండో అర్థం చాలాకాలంగా చలామణీలో ఉన్నది. 1980 నాటి అటవీ సంరక్షణ చట్టానికి 2023లో చేసిన సవరణ ఈ రెండో అర్థానికి నిఘంటుస్థాయి కల్పించి, కేంద్రం విధించే షరతులకు లోబడి జరిగే ఖనిజాన్వేషణను 'అటవీయేతర ప్రయోజనం'గా, అంటే అడవి నేలను అడవికి సంబంధం లేని పనికి మళ్ళించడంగా, పరిగణించరాదని తేల్చింది. కనుక ఇకమీదట మద్దిచెట్టు, ఎలుగుబంటి, బోరు బండి మూడూ అడవిలో సహజంగా కనిపించేవే.

నల్లమలలో ఈ సహజత్వానికి రంగం ముందే సిద్ధమైంది. అణు ఖనిజాల అన్వేషణ సంస్థ అమ్రాబాద్ పులుల అభయారణ్య ప్రాంతంలో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం కోసం సుమారు 4,000 బోర్లు వేయదలచగా, కేంద్ర అటవీ సలహా సంఘం 2019 మే నెలలో సూత్రప్రాయంగా సరేనన్నది. చెంచులతో మొదలుకొని నగరవాసుల దాకా గొంతెత్తడంతో అదే ఏడాది సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ యురేనియం తవ్వకాలకు వ్యతిరేకంగా ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆ వివాదం పొడుగునా వినిపించిన సమర్థన ఒక్కటే: ఇది తవ్వకం కాదు, అన్వేషణ, బోరు కొన్ని అంగుళాల రంధ్రం మాత్రమే.

లెక్క తప్పని ఎవరూ అనలేరు. 4,000 రంధ్రాల వైశాల్యాన్ని కూడితే ఒక మోస్తరు ఇంటిస్థలానికి మించదు. అయితే రంధ్రం ఆకాశమార్గాన దిగిరాదు. దానిని మోసుకొచ్చే బండికి బాట కావాలి, బండి నిలిచే చోట పొదలు కొట్టి నేల చదును చేయాలి, రాతిని తొలిచే బిట్టు వేడెక్కకుండా నీళ్ళు పోయాలి, బయటికొచ్చే బురదకు గుంత తవ్వాలి, డీజిల్ ఇంజను మోగాలి, రాత్రి పని జరిగితే దీపాలు వెలగాలి. ఈ పరివారాన్నంతా వదిలి రంధ్రాన్ని మాత్రమే కొలవడం, పెళ్ళి ఖర్చు ఎంతయిందంటే తాళిబొట్టు ధర చెప్పడం వంటిది.

నేలమీద గులకరాళ్ళ మధ్య గుడ్లు పెట్టే తీతువు వంటి పిట్టకు ఈ పరివారమే ప్రాణాంతకం. ఎండలు ముదిరినప్పుడు అది నీటిలో పొట్ట ఈకలు తడుపుకొని వచ్చి గుడ్లను చల్లబరుస్తుంది. ఇంజను మోతకు బెదిరి గంటల తరబడి గూటికి దూరమైతే గుడ్డును ఏ చక్రమూ తొక్కనక్కరలేదు, మధ్యాహ్నమే ఆ పని పూర్తిచేస్తుంది. నూరు కోట్ల ఏళ్ళకు పైబడిన శిలల్లో ఓపికగా పడివున్న ఖనిజం, పిట్ట పొదిగే నాలుగు వారాలు ఆగలేదన్న ఆత్రుత ఎవరిదో తెలియదు, ఖనిజానిదైతే కాదు.

ఇక్కడ చట్టం మహా చమత్కారి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 'వేట' అనే మాటను నిర్వచిస్తూ, అడవిపక్షుల గుడ్లను పాడుచేయడమే కాదు, గుడ్లనుగాని గూళ్ళనుగాని కదిలించి కలతపెట్టడమూ వేటేనన్నది. గూట్లో చేయిపెట్టిన పశులకాపరి కుర్రవాడు ఆ నిర్వచనం ప్రకారం వేటగాడు. గూడున్న పొదనే పెకలించే యంత్రం మాత్రం శాస్త్రీయ పరిశీలకుడు.

యంత్రం తరఫున వినిపించే చివరి వాదం 'సర్వేలో గూళ్ళు కనబడలేదు' అన్నది. గనుల పర్యావరణ ప్రభావ నివేదికలకు వానకాలం మినహా ఏదో ఒక ఋతువులో సేకరించిన సమాచారం చాలునన్న ఆనవాయితీ ఉన్నది. గిజిగాడు గూడల్లేదీ, నెమలి గుడ్లు పెట్టేదీ ప్రధానంగా వానకాలంలోనే. బడికి సెలవులిచ్చిన రోజున హాజరు తీసి ఊళ్ళో పిల్లలే లేరని రాసినట్టున్న ఈ పద్ధతిని శాస్త్రమనడానికి కొంత ధైర్యం కావాలి.

కనబడకపోవడానికీ లేకపోవడానికీ మధ్య దూరం ఎంతో కడప జిల్లా లంకమల చెప్పగలదు. 1848లో పక్షిశాస్త్రజ్ఞుడు జెర్డన్ లోకానికి పరిచయం చేసిన కలివికోడి 1900 తరువాత శాస్త్రజ్ఞుల కంట పడక అంతరించిన జాబితాకెక్కింది. 1986లో అక్కడి పిట్టలు పట్టేవారి సాయంతో మళ్ళీ దొరికింది. ముళ్ళపొదల నడుమ రాత్రిపూట మాత్రమే తిరిగే ఆ పక్షి జాడ కోసం పరిశోధకులు మెత్తటి మట్టి పట్టీలు పరచి పాదముద్రలు వెతికారు. ఆ తరువాత కూడా, 2005లో, తెలుగుగంగ కాలువ పనుల యంత్రాలు దాని పొదల్లోకి ఏ పట్టీలూ పరవకుండానే చొరబడ్డాయి. కాలువ దారి మళ్ళించేందుకు పెద్ద పోరాటమే జరిగింది.

కలివికోడి గూటిని అడవిలో చూసి నమోదు చేసిన శాస్త్రజ్ఞుడు లేడు. కాబట్టి గూళ్ళు కనబడలేదని రాసే నివేదిక దాని విషయంలో ఎప్పుడూ నూటికి నూరుపాళ్ళు నిజమే. దాని గుడ్డుగా గుర్తింపు పొందినది మాత్రం స్కాట్లండ్‌లో అబర్డీన్ విశ్వవిద్యాలయ మ్యూజియంలో భద్రంగా ఉన్నది. అక్కడ బోరు వేస్తామని ఇంతవరకూ ఎవరూ దరఖాస్తు పెట్టినట్టు లేదు.