చూసినా సారూ!

పదేళ్ళ కిందటి మాట. సిద్ధవటం నుంచి బద్వేలు పోయే దారిలో, లంకమల అడవి అంచున, ఒక టీ బంకు ముందు జీపు ఆగింది. దిగినాయన హైదరాబాదు నుంచి వచ్చిన పక్షిప్రేమికుడు. మెడలో బైనాక్యులర్, చేతిలో కలివికోడి ఫోటో.

ఆ పిట్ట చరిత్ర ఆయనకు కంఠోపాఠం. 1848లో పుస్తకాలకెక్కింది. 1900 తర్వాత ఎవరి కంటా పడలేదు. అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో ఇక్కడి రెడ్డిపల్లి దగ్గర ఒక రాత్రి టార్చి వెలుగులో దొరికింది. దానికోసం అడవిని అభయారణ్యం చేశారు, తెలుగుగంగ కాలువను పక్కకు మళ్ళించారు. కొన్నేళ్ళు అప్పుడప్పుడూ కనిపించి, అప్పటికి మళ్ళీ మాయమైంది.

బెంచీ మీదున్న ముసలాయనకు ఫోటో చూపించాడు.

“తాతా, ఈ పిట్టను ఎప్పుడన్నా చూశావా?”

“చూడకేం సారూ! శానాసార్లు చూసినా. పోయిన నెల గూడా చూసినా.”

పక్షిప్రేమికుడి చేతిలో టీ గ్లాసు వణికింది. “ఎక్కడ?”

“ఆ వాగు కాడ.”

ఐదొందల నోటు చేతిలో పెట్టి తాతను జీపెక్కించాడు. చీకటి పడ్డాక మొదలుపెట్టి, ముళ్ళకంపల్లో బట్టలు చించుకుంటూ, టార్చి ఛార్జింగు అయిపోయేదాకా తిరిగారు. పిట్ట లేదు. ఈక కూడా లేదు.

తెల్లారింది. “నిజంగా ఇక్కడే చూశావా తాతా?”

“ఈడనే సారూ. ఈ గుండు మింద కూసోనుంటే ఇంకో సారు వచ్చి, ఇదే ఫోటో చూపిచ్చినాడు.”

ఆయనకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. “ఫోటో కాదయ్యా! ప్రాణమున్న పిట్టను చూశావా?”

“అదా? మేకలు తోలే కాలంలో చూసినా. పొద్దుగూకినాక పొదల సందుల్లో, బయలు నేలన ఉరుకుతాండె. మేకలు మేసినన్నాళ్ళూ ఆ బయలుండె. పిట్టను కాపాడాలని మేకల్ని రానీకపోతిరి. కంపంతా కమ్ముకపోయె. పరిగెత్తే పిట్టకు సందేడుంది?”

తాత బీడీ ముట్టించుకున్నాడు.

“మమ్మల్ని ఎళ్ళగొడితిరి. అది గూడా మా ఎనకాల్నే పోయె.”