బావగారి బంపరు

టెక్సస్‌లో ఇల్లు కొన్న తెలుగువాడికి మొదట లాన్‌మోవర్ మీద, ఆ తర్వాత పికప్ ట్రక్కు మీద మనసు పోతుంది. అక్కడి గాలి అలాంటిది. ఫోర్డ్ వాళ్ళ ఎఫ్ సిరీస్ 1977 నుంచి అమెరికాలో అన్ని ట్రక్కుల కన్నా ఎక్కువగా అమ్ముడుపోతోందంటే, ఆ పుణ్యంలో మా బావగారికీ వాటా ఉంది. ఆయనది ఫ్రిస్కోలో డేటాబేసుల కాపలా ఉద్యోగం. కొన్నది ఎఫ్-150. దాని వెనక తొట్టిలో ఇంతవరకూ ఎక్కిన అతి బరువైన సరుకు ఇండియన్ స్టోరులో కొన్న సోనా మసూరి బస్తాలు. వానొచ్చేలా ఉందని వాటిని కూడా అక్కయ్య దారిలోనే వెనక సీట్లోకి మార్పించింది.

అలాంటి బండికి ఇనప బంపరు పెట్టించాలని బావగారికి పట్టుకుంది. దేనికయ్యా అంటే, జింక. టెక్సస్ కొండప్రాంతం హిల్ కంట్రీ నుంచి తిరిగొస్తుంటే మసకచీకట్లో ఒక జింక నడిరోడ్డు మీద నిలబడి ఆయన కళ్ళలోకి చూసిందట. బ్రేకు పడింది, జింక దాని దారిన అది పోయింది, పోతూపోతూ బావగారి నిద్ర పట్టుకుపోయింది. తెల్లవారుజామున నాకు ఫోను. "బామ్మర్దీ, కంపెనీ బంపరంటే వట్టి రేకు డబ్బారా! రాత్రంతా వీడియోలు చూశాను."

రేకు డబ్బాలా నలగడమే దాని ఉద్యోగం. బండి దేన్నైనా గుద్దినప్పుడు ముందుభాగం ఎంత నలిగితే లోపలి మనిషికి అంత దెబ్బ తగ్గుతుంది. ఎయిర్‌బ్యాగుల సంగతీ ఇందులోనే ఉంది. గట్టి గోడని గంటకి 8 నుంచి 14 మైళ్ళ వేగంతోనో, అంతకు మించో గుద్దినంత దెబ్బ తగిలితే ముందు ఎయిర్‌బ్యాగులు తెరుచుకునేలా సాధారణంగా తయారు చేస్తారు. బండి ఎంత హఠాత్తుగా ఆగుతోందో సెన్సార్లు రెప్పపాటులో కనిపెట్టి చెప్పాలి. ఆ లెక్కంతా కంపెనీ బంపరుని పెట్టుకుని కట్టింది. దాని స్థానంలో అర అంగుళం కూడా వంగని దుంగని పెడితే లెక్క తప్పొచ్చు. చిన్న దెబ్బకే సంచి మొహాన పేలవచ్చు, పెద్ద దెబ్బకి ఆలస్యం కావచ్చు. అందుకే, ఆ మోడల్ బండికి, ఆ ఏడాది బండికి ఎయిర్‌బ్యాగులతో సరిపడేలా పరీక్షించామని తయారీదారు రాసిచ్చిన బంపరే కొనాలి. బావగారు మోజుపడ్డ మొదటి బంపరు ప్రకటనలో యుద్ధ ట్యాంకు ప్రస్తావన పదేపదే ఉంది, ఎయిర్‌బ్యాగు ఊసు ఎక్కడా లేదు. ఆ ఆర్డరు అక్కయ్య రద్దు చేయించింది.

"ఇలాంటివి అమ్ముతుంటే ఇక్కడి గవర్నమెంటు చూస్తూ ఊరుకుంటుందా?" అని అడిగిందావిడ. ఊరుకుంటుందనే చెప్పాలి. అమెరికా ఫెడరల్ బంపరు నిబంధన గంటకి రెండున్నర మైళ్ళ దెబ్బకి తట్టుకోవాలంటుంది. అదీ కార్లకే. పికప్ ట్రక్కులకి ఆ నిబంధనే వర్తించదు.

ఈలోగా తెనాలి నుంచి వీడియో కాల్‌లో బావగారి నాన్నగారు తగులుకున్నారు. "మన వీధిలో బొలెరోలకి ఉన్న గార్డులన్నీ పోలీసులు దగ్గరుండి పీకించారు. నువ్వేంట్రా, డాలర్లు పోసి మరీ పెట్టిస్తున్నావు?" పెద్దాయన చెప్పింది నిజమే. మన దగ్గర ఇలాంటి బుల్ బార్లు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కి విరుద్ధమని, వాటి మీద చర్య తీసుకోమని 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలకి రాసింది. లోపలివాళ్ళకే కాదు, ఎదురుగా నడిచిపోయే మనిషికి కూడా ఆ ఇనప కమ్మీ ప్రమాదమే. బావగారు సిగ్నల్ సరిగ్గా లేదన్నట్టు మొహం పెట్టి కాల్ కట్ చేశారు.

రెండో ఆర్డరు చెక్క పలక మీద కట్టి లారీలో వచ్చింది. డ్రైవరు దాన్ని వీధి అంచున దింపి, సంతకం పెట్టించుకుని చక్కా పోయాడు. గరాజులోకి చేర్చడం ఆయన పని కాదట. ఉక్కు బంపర్లు 150 పౌండ్ల నుంచి 300 దాకా ఉంటాయి. అల్యూమినియంవి బాగా తేలిక, ధర మాత్రం బరువు. బావగారిది ఉక్కు, దాదాపు రెండు వందల పౌండ్లు. ముందు ఇరుసుకి కూడా ముందుగా వేలాడే బరువు కనక ఇరుసు మీద పడేది రెండు వందల కన్నా ఎక్కువే, ఆ మేరకు వెనక ఇరుసు తేలికవుతుంది. డ్రైవరు తలుపు తెరిస్తే పక్కన అంటించిన కాగితం మీద ముందు ఇరుసు ఎంత మోయగలదో రాసి ఉంటుంది. కొనేముందు చదవాల్సిన కాగితమది. "దిగబడ్డ బండిని లాగే విన్చ్ కూడా పెట్టిద్దామా?" అన్నారు బావగారు. ఫ్రిస్కోలో బండి దిగబడేంత బురద ఎక్కడుందో చూపించమంది అక్కయ్య.

శనివారం ఉదయం స్నేహితులు దిగారు, అందరూ సాఫ్ట్‌వేరే. ఒకాయన ఏ పని ఎవరిదో ఫోనులో పట్టిక వేశాడు. ఇంకొకాయన ఇడ్లీలు అయ్యేదాకా పట్టిక ఒప్పుకోలేదు. ప్రొడక్షన్ సపోర్టులో పనిచేసే కుర్రాడు మాత్రం, "పాతది విప్పే ముందు వైర్ల ఫోటోలు తీశారా అన్నా?" అన్నాడు. ఆ రోజు పనికొచ్చిన మొదటి మాట అది. చదునైన నేల, హ్యాండ్ బ్రేకు, చక్రాల కింద అడ్డుచెక్కలు, బ్యాటరీ నెగెటివ్ వైరు ఊడదీసి కాసేపు ఆగడం. ఆ తర్వాతే ఫాగ్ లైట్ల ప్లగ్గులు, పార్కింగ్ సెన్సార్లు ముట్టుకోవాలి. పాత బంపరు చివరి బోల్టు ఊడేటప్పుడు కింద జాకీ, రెండు పక్కలా మనుషులు ఉండాలి. ముందే చెప్పకపోతే ఆ క్షణంలో అందరూ ఒకే పక్కకి చేరతారు.

అసలు కథ బోల్టుల్లో ఉంది. హార్డ్‌వేర్ షాపులో కనిపించిందల్లా బోల్టు కాదు. తల మీద చూడండి: మధ్య నుంచి అంచుకి ఆరు గీతలుంటే గ్రేడ్ 8, మూడుంటే గ్రేడ్ 5, ఏ గీతా లేకపోతే అది గేటుకి పనికొస్తుంది. మెట్రిక్ బోల్టయితే 10.9 అని అంకె పోసి ఉంటుంది. బంపరుతో ఏవి ఇచ్చారో అవే వాడాలి, అవి ఫ్రేముకే దిగాలి, రేకుకి కాదు. ముందు అన్నీ చేత్తో రెండు మరలు ఎక్కించి, రెండు పక్కలా సందు సమానంగా ఉందో లేదో చూసుకుని, అప్పుడు టార్క్ రెంచితో, బంపరుతో వచ్చిన కాగితంలో రాసిన అంకెకి బిగించాలి. ఆ రెంచి టక్కుమంటే ఆగాలి. బావగారు టక్కుమన్నాక కూడా ఇంకో తిప్పు తిప్పబోయారు, "మన తృప్తికి" అంటూ. బోల్టు సాగేది అలాంటి తృప్తి వల్లే.

బిగించడంతో అయిపోలేదు. ముందు నెంబరు ప్లేటు టెక్సస్‌లో తప్పనిసరి, కొత్త బంపరుకి దాని చోటు వెతకాలి. ముక్కు కాస్త కిందికి దిగింది కనక హెడ్‌లైట్లు మళ్ళీ సరిచేయాలి. క్రూజ్ కంట్రోల్ రాడార్‌కి ఉక్కు అడ్డు వస్తే ముందున్న బండి దానికి కనపడదు. దాన్ని సరైన చోట పెట్టి డీలరు దగ్గర కాలిబ్రేట్ చేయించాలి. ఆ బిల్లు చూశాక జింక మీద బావగారికి గౌరవం పెరిగింది.

నా తీర్పు అడిగితే, పొలాల మధ్య రోజూ చీకట్లో తిరిగేవాడికి మంచి బంపరు దండగ కాదు. ఆఫీసుకీ ఇండియన్ స్టోరుకీ తిరిగేవాడు ఆ డబ్బుతో మంచి టైర్లు వేయించుకుంటే బ్రేకు బాగా పడుతుంది, జింకా బతుకుతుంది. అయినా మీ బావగారు ఆర్డరు పెట్టేసి ఉంటే, కొన్ని వందల మైళ్ళు తిరిగాక బోల్టులన్నీ మరోసారి చూసుకోమనండి. టార్క్ రెంచి మా గరాజులో ఉంది, పట్టుకెళ్ళండి. తిరిగి తెచ్చివ్వండి మాత్రం.